పొద్దున ఐదింటి గొంతు, రాత్రి పదింటి గొంతు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. దేవరకొండ దగ్గరి ఊళ్లో సార్‌గా పనిచేస్తున్నారు. ధనుర్మాసం నెల రోజులు తెల్లవారుజామున ఐదింటికి గుడిలో తిరుప్పావై పాశురాలు పాడాలి. పగలంతా బడి. రాత్రి ఎనిమిదిన్నర నుంచి భజన. శ్రుతి ఒకటిన్నర. పొద్దున తారస్థాయి షడ్జం (పై స) దగ్గరే గొంతు ఆగిపోతోంది, మంద్రం (కింది స్థాయి) మాత్రం ఎన్నడూ లేనంత కిందికి దిగుతోంది. సాయంత్రం ఆరింటికి హాయిగా పలుకుతోంది. రాత్రి పదయ్యేసరికి జీర. గొంతు చెడిపోతోందా, సాధన చాలడం లేదా, ఏ మందు వాడాలి అని అడిగారు.

మందు సంగతి తర్వాత. ముందు పొద్దుటి శ్రుతి అర మెట్టు దించండి. గుడిలో హార్మోనియం ఉంటే ఒకటిన్నర నల్లమెట్టు నుంచి దాని ఎడమ పక్క తెల్లమెట్టుకు రండి, అంటే ఒకటి శ్రుతి. రాత్రి భజనకు ఒకటిన్నరే ఉంచుకోండి. ఒకే మనిషి రెండు పూటలా ఒకే శ్రుతిలో పాడాలన్న పట్టుదలకు శాస్త్రం లేదు, ఎందుకంటే ఆ రెండు పూటలా మీ గొంతులో ఉన్నది ఒకే కొలత గల వస్తువు కాదు.

స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. మగవాళ్లలో వాటి పొడవు సుమారు 17 నుంచి 21 మిల్లీమీటర్లు, ఆడవాళ్లలో 11 నుంచి 15. లోపల కండరం, దాని మీద బిగువైన స్నాయువు, ఆ పైన మెత్తటి జిగురు లాంటి పొర, అన్నిటికీ పైన పల్చటి చర్మం. పాటలో అలలా కదిలేది ముఖ్యంగా ఆ పై రెండు పొరలే. ఒకటిన్నర శ్రుతిలో తార షడ్జం అంటే అవి సెకనుకు 277 సార్లు తాకి విడిపోవాలి. తార మధ్యమానికి 370 సార్లు. అంత వేగం రావాలంటే తంత్రులు సాగి, అంచు పల్చబడాలి.

రాత్రంతా పడుకున్నప్పుడు జరిగేది దానికి సరిగ్గా ఉల్టా. నిలబడి ఉన్నప్పుడు కాళ్ల వైపు దిగే ద్రవం, పడుకుంటే తల, మెడ వైపు సర్దుకుంటుంది. పొద్దున కళ్ల కింద ఉబ్బు ఎందుకు కనిపిస్తుందో, తంత్రుల మెత్తటి పొర కూడా అందుకే కొంచెం ఉబ్బుతుంది. బరువు పెరిగిన తంత్రి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి మంద్రం కిందికి దిగుతుంది. ఉబ్బిన అంచు పల్చబడదు కాబట్టి తారం అందదు. పొద్దున దొరికిన ఆ కింది స్వరాలు మీ ఆస్తి కాదు, పది గంటలకల్లా పోతాయి. వాటిని చూసి మంద్రం బాగుందని శ్రుతి ఇంకా దించేస్తే రాత్రి భజనలో పాట పాతాళంలో పడుతుంది.

దీనికి ఇంకో మూడు తోడవుతాయి. ఒకటి, శరీర ఉష్ణోగ్రత. రోజు మొత్తంలో అది అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో, ఎక్కువగా ఉండేది సాయంత్రం ఐదు, ఏడు మధ్య. తేడా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకు. మూడున్నరకు లేచేవారు శరీరం అట్టడుగున ఉన్న సమయంలోనే కండరాన్ని పనిలోకి దింపుతున్నారన్నమాట. రెండోది, రాత్రి నోరు తెరిచి నిద్రపోవడం, గురక. ముక్కు చేసే తేమ పని ఆగిపోయి, తంత్రుల మీది పల్చటి జిగురు చల్లారిన గంజిలా చిక్కబడుతుంది. పొద్దున వచ్చే గల్ల చాలావరకు ఇదే, జబ్బు కాదు. మూడోది, కడుపులోంచి పైకి తన్నే పులుపు. రాత్రి భజనలు చేసేవాళ్లలో అన్నిటికంటే పెద్ద దోషి ఇదేనని నా నమ్మకం, దాని గురించి కింద విడిగా రాశాను.

ఇక పొద్దున ఏం చేయాలి. ఐదింటికి పాట అంటే మూడూ ముప్పావుకు మంచం దిగాలి, నాలుగున్నరకు కాదు. నిటారుగా ఉంటేనే ఉబ్బు దిగుతుంది, దానికి గంట నుంచి గంటన్నర పడుతుంది. ఏ కషాయమూ ఆ గంటకు సాటి రాదు. లేవగానే ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్లు. కాండ్రించి ఉమ్మే అలవాటుంటే మానండి. కాండ్రించినప్పుడు రెండు తంత్రులూ ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకుంటాయి, అసలే ఉబ్బిన అంచు ఇంకా ఉబ్బుతుంది, దాంతో మళ్లీ గల్ల ఉన్నట్టే అనిపిస్తుంది, మళ్లీ కాండ్రిస్తారు. ఒక గుటక నీళ్లు మింగి, నోరు మూసి మెల్లగా మ్‌ మ్‌ అని రెండుసార్లు అనండి. అది చాలు.

ఆవిరి పట్టే వీలుంటే స్నానానికి ముందు ఐదు నిమిషాలు పట్టండి. గిన్నె పొయ్యి మీద నుంచి దించి, రెండు నిమిషాలు ఆగి, ముఖానికి జానెడు దూరంలో పెట్టుకోండి. అందులో ఏ మందూ కలపనక్కర్లేదు. తాగిన నీళ్లు తంత్రులను తాకవు, ఎందుకంటే మింగేటప్పుడు గాలి దారి మూసుకుంటుంది. ఆ నీళ్లు రక్తంలో కలిసి అక్కడికి చేరడానికి సమయం పడుతుంది. పీల్చిన ఆవిరి మాత్రం నేరుగా తాకుతుంది. పట్టిన వెంటనే చలిలోకి పోకుండా పది పదిహేను నిమిషాలు ఇంట్లోనే ఉండండి.

ఆ తర్వాత గొంతు వేడెక్కించడం, 15 నుంచి 20 నిమిషాలు. సగం నీళ్లున్న అర లీటరు సీసా, మామూలు జ్యూస్ స్ట్రా తీసుకోండి. స్ట్రా కొస నీళ్లలో మూడు సెంటీమీటర్లు మునగాలి. పెదాలు స్ట్రా చుట్టూ బిగించి, బుడగలు వస్తుండగా ఊ అని మధ్యస్థాయి షడ్జం పట్టండి. గాలి ముక్కులోంచి పోకూడదు. ఐదారు సెకన్ల చొప్పున పదిసార్లు. తర్వాత అదే ఊ తో పంచమం నుంచి షడ్జానికి జారండి, మెట్లు మెట్లుగా కాదు, జారుడుగా. పై నుంచి కిందికే ముందు, కింది నుంచి పైకి ఆ తర్వాత. ఇందులో కిటుకు ఏంటంటే, నోటి ముందు అడ్డం ఉన్నప్పుడు లోపల కొంత ఒత్తిడి నిలిచి తంత్రులను కొద్దిగా విడదీసి ఉంచుతుంది. అందుకే అవి గట్టిగా గుద్దుకోకుండానే కదలిక మొదలవుతుంది. బుడగలు ఆగి ఆగి వస్తే గాలి సమంగా వదలడం లేదన్నమాట. మెడ నరాలు తేలితే స్ట్రా మరీ లోతుగా ముంచారు, రెండు సెంటీమీటర్లకు తీయండి.

స్ట్రా లేకపోతే చిన్నపిల్లలు బస్సు నడిపినట్టు పెదాలతో బుర్ర్ అనడం కూడా అదే పని చేస్తుంది. ఐదు నిమిషాల తర్వాత సరళీ వరుసలు మొదటి కాలంలో, అకారంతో కాకుండా హమ్మింగ్‌తో. చివరి ఐదు నిమిషాల్లోనే నోరు తెరిచి పాడండి, తార షడ్జాన్ని అప్పుడే ముట్టండి, అదీ మెల్లగా.

తెల్లవారుజామునే మంద్ర సాధకం చేయాలన్న పాత మాటలో పస ఉంది. ఆ వేళ గొంతు కిందికే మొగ్గుతుంది కాబట్టి అక్కడే మెల్లగా పనిచేయించడం సబబే. కంఠం లోతు నీళ్లలో నిలబడి గట్టిగా అరిచి సాధకం చేస్తే గొంతు తెరుచుకుంటుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. నీటి ఒత్తిడికి ఛాతీ విప్పారడం కష్టమై ఊపిరి పీల్చే కండరాలకు పని పెరుగుతుంది, నిజమే. కానీ డిసెంబరు చెరువులో వణుకుతూ అరిస్తే ఉబ్బిన తంత్రులను సుత్తెతో కొట్టినట్టే.

గుడి లోపలి గాలిని కూడా చూసుకోండి. ధనుర్మాసంలో మన వైపు తెల్లవారుజామున చలి పదిహేను డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, గాలి పొడి. పాడేటప్పుడు నోటితోనే పీలుస్తాం, ముక్కు దాన్ని వెచ్చబరిచే అవకాశం లేదు. పైగా సాంబ్రాణి, కర్పూరం, గుడి బయట చలిమంట. ఇదే పత్తి ఏరే కాలం, జిన్నింగు మిల్లుల పక్క ఊళ్లలో నూగు గాలిలోనే ఉంటుంది. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాల్లో తూర్పారబట్టే దుమ్ము సరేసరి. సాంబ్రాణి పొగ మీ ముఖానికి కాకుండా తలుపు వైపు పోయేలా నిలబడండి. ముక్కూ నోరూ కప్పేలా మఫ్లర్ కట్టుకుని గుడికి నడవండి, దారిలో ముచ్చట్లు వద్దు. పాశురానికీ పాశురానికీ మధ్య ఉన్న రెండు మూడు సెకన్లు ముక్కుతో పీల్చండి. ముప్పై పాశురాలూ ఒక్కరే ఎత్తుకోవాలన్న నియమం మీ గుడిలో లేకపోతే గోష్ఠిలో ఇంకొకరితో పంచుకోండి.

సేవ అయ్యాక చక్కెర పొంగలి, పులిహోర నిశ్చింతగా తినొచ్చు. పాటకు ముందు మాత్రం కడుపు నింపొద్దు. నిండిన కడుపు మీద ఊపిరితిత్తుల కింది పొర పూర్తిగా దిగదు, ఊపిరి పొట్టిదవుతుంది.

మీరు ప్రశ్నలో ఒక్క ముక్కతో దాటేసిన బడి సంగతికి వస్తాను, ఎందుకంటే రాత్రి పదింటి జీర అక్కడే పుడుతోంది. రోజంతా పాఠాల్లో నిజంగా గొంతు మోగే సమయం గంటన్నరే అనుకుందాం, 140 హెర్ట్జ్ దగ్గర, అంటే తంత్రులు సెకనుకు 140 సార్లు తాకేలా మాట్లాడుతున్నారనుకుందాం. 140ని 5,400 సెకన్లతో గుణిస్తే 7,56,000 తాకిడులు. భజనకు కూర్చునే ముందే అంత పని జరిగిపోయింది. పిల్లల గోల మీద గొంతు పెంచినప్పుడు తాకిడి వేగమూ బలమూ రెండూ పెరుగుతాయి. క్లాసులు చెప్పేవాళ్ల మాట శ్రుతి సాయంత్రానికి పొద్దుటికంటే పైకి జరగడం మామూలే. అలసిన కండరాన్ని బిగించి బండి నడిపిస్తున్నారన్న గుర్తు అది. దాన్ని గొంతు లేచిందని పొరబడతారు.

అందుకని పిల్లలను నిశ్శబ్దం చేయడానికి గొంతు వాడొద్దు. చప్పట్లు, బల్ల మీద డస్టరు, గంట, ఏదైనా సరే. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు, రాయడం ఆపి తిరిగాక చెప్పండి. సుద్దపొడి దులపడం పిల్లలకో, బయటికో వదిలేయండి. నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, చెవి మైకు సెట్లు బజారులో దొరుకుతున్నాయి. ఈ ఒక్క నెలకైనా అది వాడితే ఏ మందూ ఇవ్వని లాభం ఇస్తుంది. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య ఐదు నిమిషాల మౌనం, మధ్యాహ్నం అన్నం తర్వాత పావుగంట. ఒకేసారి రెండు గంటల మౌనం కన్నా ఇలా ముక్కలు ముక్కలుగా ఇచ్చే విశ్రాంతి నయం. మౌనం అంటే గుసగుస కాదు. చాలామంది గుసగుసలో గొంతును ఇంకా బిగిస్తారు.

నీళ్లు రోజుకు రెండు, రెండున్నర లీటర్లు, కొద్దికొద్దిగా. బడిలో మరుగుదొడ్డి సరిగా లేదని సాయంత్రం దాకా నీళ్లే తాగని టీచర్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, మన జిల్లాల్లో చాలామంది. ఆ ఎండిన గొంతుకు రాత్రి ఏడింటికి లీటరు పోస్తే అప్పటికప్పుడు అందదు. మూత్రం లేత రంగులో ఉందా లేదా అన్నదే కొలమానం.

మధ్యాహ్నం కునుకు తీస్తే మంచిదే, ఈ నెలలో మీకు అవసరం కూడా. ఆదివారాలు తప్పకుండా తీయండి. కానీ చదునుగా పడుకుంటే పొద్దుటి ఉబ్బే చిన్న మోతాదులో మళ్లీ వస్తుంది. తల కొంచెం ఎత్తులో ఉంచి అరగంటకు మించకుండా పడుకోండి, లేచాక గంట వరకు పాడొద్దు.

సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు శరీరం వెచ్చగా ఉంటుంది, ఉబ్బు దిగి ఉంటుంది, జిగురు పల్చగా ఉంటుంది. కొత్త కీర్తన నేర్చుకోవడం, తారస్థాయి సంగతులు, గమకాలు, ఏ కష్టమైన పనైనా ఈ వేళకే పెట్టుకోండి, అదీ అరగంటే. గొంతు బాగుంది కదా అని గంటన్నర సాధకం చేసి భజనకు పోయేవాళ్లు రాత్రికి దాచుకున్నదంతా ముందే ఖర్చు చేసుకుంటారు.

భజనలో గొంతు పాడయ్యేది పాట వల్ల కన్నా గోల వల్ల. డోలక్, తాళాలు, కంజీర చెవి పక్కనే మోగుతుంటే మన గొంతు మనకు వినబడదు, తెలియకుండానే స్థాయి పెంచేస్తాం. మైకు మూతికి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. మైకు సెట్టు ఆయనతో చెప్పి ఒక చిన్న బాక్సు మీ వైపు తిప్పించుకోండి. అది లేకపోతే ఒక చెవి వేలితో మూసుకుని పాడి చూడండి, మీ గొంతు మీకే వినబడి స్థాయి దానంతటదే తగ్గుతుంది. తాళాలు కొట్టేవాళ్లను వెనక వరుసలోకి పంపండి. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పద్ధతి భజనలో ఉన్నదే కాబట్టి, ఆ అందుకునే సగంలో మీరు నోరు మూసి తాళం వేయండి. రాత్రంతా కథ చెప్పే ఒగ్గు కళాకారులు తెల్లారేదాకా నిలబడటంలో వంతపాట పాత్ర చిన్నది కాదు. వంత అందుకున్నంతసేపూ, డోలు మోగినంతసేపూ కథకుడి తంత్రులకు విరామమే. బతుకమ్మ ఆటలో మాత్రం పాట చెప్పే ఆమె ఒక్కతే తొమ్మిది రోజులూ చెప్పి, చప్పట్లు కొట్టేవాళ్లతో పాటు మళ్లీ అందుకుంటుంది కాబట్టే సద్దుల నాటికి ఆమె గొంతు పడిపోతుంది.

తొమ్మిదిన్నర దాటాక తార మధ్యమం, పంచమం ఉన్న పాటలు పెట్టొద్దు. అవి ముందు పాడేసి, చివరికి మధ్యస్థాయిలో నడిచే నామాలు, మంగళహారతి ఉంచండి. అయిపోయాక ఐదు నిమిషాలు నోరు మూసి పై నుంచి కిందికి మెల్లగా జారుతూ హమ్మింగ్ చేయండి. ఆ వెంటనే చాయ్ దగ్గర నిలబడి గంటసేపు గట్టిగా నవ్వుకుంటూ మాట్లాడితే ఈ ఐదు నిమిషాలూ వృథా.

ఇప్పుడు పులుపు. పదిన్నరకు భజన ముగిసి, ఇంటికొచ్చి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పప్పుచారు తిని పదకొండున్నరకే పడుకుంటున్నారు. కడుపు ఖాళీ కావడానికి ఆ సమయం చాలదు. పడుకోగానే పులుపు ఆహారనాళంలోంచి ఎక్కి స్వరపేటిక వెనక భాగాన్ని తాకుతుంది. గుండెలో మంట ఉండాలనేమీ లేదు. పొద్దున నోరు చేదు, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు ఉండటం, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం, తొమ్మిదింటి దాకా పోని బొంగురు, ఇవే గుర్తులు. ఇందులో రెండు ఉన్నా సాయంత్రం ఆరున్నర, ఏడింటికే అసలు భోజనం చేసేయండి, భజన తర్వాత ఆకలైతే అరటిపండుతో సరి. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలుండాలి. మంచం తల వైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి, 15 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. దిండ్లు పేర్చితే మెడ వంగి పొట్ట నొక్కుకుపోతుంది తప్ప లాభం లేదు.

చిట్కాల గురించి అడిగారు కాబట్టి వరసగా చెబుతాను. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరి మొదట హాయిగా ఉంటుంది, కానీ వగరు వల్ల తర్వాత గొంతు పిడచగడుతుంది. పాటకు ముందు వద్దు. అతిమధురం చిన్న ముక్క సరే, బీపీ ఉన్నవాళ్లు రోజూ వాడకూడదు. పటికబెల్లం, మిరియాల పాలు నోటికి, గొంతు పైభాగానికి ఊరట ఇస్తాయి, తంత్రుల దాకా పోవు. పాలు గల్ల పుట్టిస్తాయన్నది నిజం కాదు, నోట్లో మందంగా అనిపిస్తుంది అంతే. ఆ అనిపించడం మీకు ఇబ్బందైతే పాటకు ముందు మానండి. ఉప్పునీళ్ల పుక్కిలి గొంతు నొప్పికి మంచిది, జీరకు పనిచేయదు. మెంథాల్ బిళ్లలు చల్లదనంతో నొప్పిని కప్పేస్తాయి కాబట్టి దెబ్బ తగులుతున్నా తెలియదు. కల్లు తాగితే గొంతు లేస్తుందన్న మాటలో జరిగేదీ అదే, జంకు పోతుంది, నొప్పి తెలియదు, మర్నాడు లెక్క తేలుతుంది. జలుబుకు వాడే అలర్జీ మాత్రలు తేమను ఎండగడతాయి, వేసుకున్న రోజు నీళ్లు పెంచండి. గొంతు మీద భారం ఎక్కువగా ఉన్న రోజున ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు, రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి కాబట్టి గట్టిగా పాడితే తంత్రిలో రక్తం చిమ్మే ప్రమాదం పెరుగుతుంది. డాక్టరు గుండెకని ఆస్పిరిన్ రాసి ఉంటే దాన్ని ఆపొద్దు, ఆ రోజు పాటే తగ్గించండి.

ఇది మామూలు రోజువారీ మార్పా, దెబ్బా అని తేల్చుకునే పరీక్ష ఒకటుంది. తార రిషభం, గాంధారం దగ్గర ఊ అని, పక్క గదిలో పాప నిద్రపోతోందన్నంత మెల్లగా, ఐదు సెకన్లు పట్టండి. గట్టిగా పాడితే ఉబ్బిన తంత్రి కూడా పలుకుతుంది, అందుకే మెల్లగా అనడం ముఖ్యం. పొద్దున లేచాక గంటకు, బడికి పోయే ముందు, సాయంత్రం ఆరింటికి, భజన అయ్యాక, రోజుకు నాలుగుసార్లు. ముందు గాలి వచ్చి ఆ తర్వాత నాదం వస్తోందా, మధ్యలో తెగుతోందా, అసలు రావడం లేదా అన్నది నోటుబుక్కులో రాయండి. పొద్దున రాకపోయి తొమ్మిదింటికి వస్తే చింత లేదు. భజన తర్వాత పోయి మర్నాడు సాయంత్రం ఆరింటికి తిరిగొస్తే పని ఎక్కువైంది, ఆ రాత్రి భజనలో మీ వంతు సగానికి తగ్గించండి. మర్నాడు సాయంత్రానికీ రాకపోతే రెండు రోజులు పాట పూర్తిగా ఆపి, మాట తగ్గించండి. అప్పటికీ రాకపోతే పొద్దుటి సేవ ఇంకొకరికి అప్పగించాల్సిందే, దేవుడు ఏమీ అనుకోడు.

మూడు వారాలు దాటిన బొంగురుకు గొంతు లోపల చూపించుకోకుండా మందు వాడకూడదు. పాడుతుండగా టక్కున గొంతు పోతే, ఉమ్మిలో రక్తం కనిపిస్తే, ఊపిరి ఆడటం కష్టమైతే ఆ రోజే వెళ్లండి. బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లు మూడు వారాలు కూడా ఆగొద్దు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి, ఈఎన్‌టీ విభాగంలో చూపించుకోవచ్చు. ఇంకా పెద్ద పరీక్ష అవసరమైతే హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. గొంతు నొక్కి టార్చి వేసి చూస్తే తంత్రులు కనబడవు, కెమెరా గొట్టంతో గానీ అద్దంతో గానీ చూడాల్సిందే, ఆ మాట అడగండి. పోయేటప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకుపోండి. గొంతు ఏ వేళ పోతోందో, ఎన్ని గంటలకు తిరిగొస్తోందో చూస్తే ఇది పులుపు పనా, వాడకం ఎక్కువైందా, తంత్రి మీద కాయ లేస్తోందా అన్నది డాక్టరుకు సగం అక్కడే తెలుస్తుంది.